పన్నెండు వందల రెట్లు

మైక్రోస్కోపు ఎంచుకోవడం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదనుకున్నాను. సారపాక కాగితపు మిల్లులో, గుజ్జు పరీక్ష చేసే ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఏది జామాయిల్ పోగు, ఏది వెదురు పోగు అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అలాంటిది ఏడేళ్ల నా కూతురికి బొమ్మ మైక్రోస్కోపు కొనడం నాకొక లెక్కా?

ఆ పిల్లది ఒకటే సతాయింపు. చీమకు చెవులుంటయా, ఆకు ఎప్పుడు పండుకుంటది, ఉప్పుకు మూలలెందుకు? అన్నం కలుపుతుంటే అడుగుతుంది, జడ వేస్తుంటే అడుగుతుంది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "జరసేపు నోరు మూస్తవా లేదా" అని రోజుకు పదిసార్లు అరిచేదాన్ని. "నీకు జవాబు తెల్వకపోతే పిల్లను తిడ్తవేందే" అని మా అత్తమ్మ నా మీదికి వచ్చేది. ఆ పోరు పడలేకే ఒక ఆదివారం పిల్లను తీసుకుని, వంతెన దాటి భద్రాచలంలో బొమ్మల దుకాణానికి పోయాను.

అక్కడ రెండే రకాలున్నాయి. ఒకటి అచ్చం మా ల్యాబ్‌లో ఉన్నదానిలా గొట్టం, అద్దం, గాజు పలకలతో ఉంది. అట్టపెట్టె మీద పన్నెండు వందల రెట్లు అని పెద్ద పెద్ద అక్షరాలు. రెండోది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. దాని మూతకే భూతద్దం బిగించి ఉంది. పురుగును లోపల వదిలి పైనుంచి చూడడమే. నా కూతురు దాని మీదే చెయ్యి వేసింది.

"అమ్మా, నాకు గిది."

"గది చిన్నపోరగాళ్లు ఆడుకునేది. పట్టుమని ఐదు రెట్లు గూడ చూపియ్యది" అని దాని చేతిలోంచి తీసి పక్కన పెట్టేశాను. దుకాణాయన కూడా నాకే వంతపాడాడు. ఇంక నాకు తిరుగేముంది!

గొట్టం ఉన్నదే కొని, ఇంటికొచ్చి అందులో ఉల్లిపొర చూపించాను, నా చీర పోగు చూపించాను, పాత నోట్‌బుక్ చించి నానబెట్టి గుజ్జు కూడా చూపించాను. చూసింది, తలూపింది. నా తృప్తి కోసం ఊపిందని ఇప్పుడు తెలుస్తోంది.

తొలకరి పడ్డ రెండో రోజు పొద్దున నేను డ్యూటీకి తయారవుతున్నాను. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో అగ్గిపెట్టె, అందులో తడిమట్టి, మట్టి మీద ఒక ఆరుద్ర పురుగు. ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్క కదులుతున్నట్టే ఉంది.

"అమ్మా, దీనికి కళ్లున్నయా? నేను చూస్తే అది గూడ నన్ను చూస్తదా?"

మిల్లు బస్సుకు ఇంకా పది నిమిషాలుంది. పురుగును గాజు పలక మీద పెట్టి గొట్టంలోంచి చూశాను. నల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు. మా పనిలో మొదటి పాఠం ఒకటే, వెలుతురు దూరనిది కనబడదు. గుజ్జు ముద్దగా ఉంటే ఒక నీటిచుక్క వేస్తాం, పైన పల్చటి గాజుబిళ్ల పెడతాం, బొటనవేలితో గట్టిగా ఒత్తుతాం. తొమ్మిదేళ్లుగా అదే పని చేసిన చెయ్యి. నన్ను అడగను కూడా లేదు. నీటిచుక్క, గాజుబిళ్ల, బొటనవేలు.

"ఇప్పుడు చూడవే, మంచిగ కనబడ్తది" అన్నాను కూడా. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

పిల్ల ఏడవలేదు. గొట్టంలోకి చూడలేదు. నా బొటనవేలినే చూసింది.

"ఓయమ్మా! వానతోని వచ్చిన పురుగును గట్ల ఒత్తుతరా ఎవరన్న? ఆడుకున్నంక మల్ల మట్టిలనే ఇడువాలె గద" అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. ఆమె పుట్టిన అడవిపల్లెలోనే కాదు, మా వైపూ పిల్లలు అంతే చేస్తారు. నేనూ చేసినదాన్నే. సిగ్గుతో తలెత్తలేక బస్సెక్కాను.

ఆ రోజు నుంచి ఇంట్లో ప్రశ్నలు ఆగిపోయాయి. అన్నం పెడితే తింటుంది, జడ వేస్తే కూర్చుంటుంది. పెరట్లోంచి వస్తూ నన్ను చూస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటుంది. "ఏంది బిడ్డా అది?" అంటే "ఏం లేదమ్మా" అంటుంది. నోరు మూయమని మొత్తుకున్నదాన్ని నేనే కదా, ఆ మాట నెరవేరేసరికి నాకు భయం పట్టుకుంది. నా బిడ్డ ఇంక జన్మలో నన్ను ఏదీ అడగదేమోనని మిల్లులో పని మధ్యలో కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

వారం ఓపిక పట్టి, తర్వాతి ఆదివారం మళ్లీ దుకాణానికి తీసుకెళ్లాను. రానంటూనే వచ్చింది. మూతకు భూతద్దం ఉన్న డబ్బాను నేనే అడిగి తీయించాను. పిల్ల నా వైపు చూడకుండా దుకాణాయనను అడిగింది.

"దీంట్ల పెడితే చస్తదా?"

"ఎందుకు చస్తది బిడ్డా? పక్కకు గాలి పోనీకి రంధ్రాలున్నయ్ చూడు" అన్నాడాయన.

ఇంటికొచ్చాక ఆ డబ్బాను గచ్చు మీద పెట్టి, మూత తీసి చేత్తో పట్టుకుని నాకెదురుగా కూర్చుంది.

"ముందుగల నీ వేలు పెట్టు."

ఏ వేలో చెప్పలేదు. నాకు తెలుసు. బొటనవేలు డబ్బాలో పెట్టాను. భూతద్దం దాని మీద పట్టి చాలాసేపు చూసింది.

"నొప్పి అయితుందా?"

"లేదు బిడ్డా."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు లేచి వెళ్లి, నానమ్మ బియ్యపు డబ్బా వెనక నుంచి అగ్గిపెట్టె తెచ్చింది. నిన్నటి వానకు దొరికిందట. పురుగును మట్టితో సహా డబ్బాలోకి జార్చి, మూత పెట్టి, "నువ్వు ముట్టకు" అంది. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

చూసింది, చూసింది. అత్తమ్మ కూడా చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"కళ్లు దొరుకతలేవు. కాళ్లు మాత్రం ఎనిమిదున్నయ్" అని తలెత్తి నా వైపు చూసింది. "అమ్మా, గిన్ని కాళ్లల్ల ముందుగల ఏ కాలు లేపుతది?"

చీమ చెవుల్లాంటి ప్రశ్న, వారం తర్వాత మళ్లీ వచ్చింది.

"నాకు తెల్వదు బిడ్డా. చూసి నువ్వే చెప్పు" అని, చేతులు వెనకే ఉంచుకుని దాని పక్కన కూర్చున్నాను.