ఎదురింటి తీగ

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి సారు పోయారు. ఎదురింటి అక్క ఇచ్చిన కరెంటు ఆగిపోయి, ఆక్సిజన్ మిషన్ నడవక పోయారని మా మట్టెవాడలో కొందరు అంటున్నారు. అది అబద్ధం. ఆ పూట కరెంటు ఉంది, మిషన్ నడుస్తూనే ఉంది. పాడైన ఊపిరితిత్తులే ఇక చాలన్నాయి.

బడిలో నాకు సైన్సు చెప్పింది ఆయనే. రిటైరయ్యాక నా బట్టల దుకాణం ముందు కుర్చీ వేసుకుని, ప్రపంచం మొత్తాన్నీ ఒకే కరెంటు తీగతో కలపాలని వాదించేవారు. చీరల బేరానికి వచ్చినవాళ్ళను కూడా వదిలేవారు కాదు.

"మనకు చీకటైనప్పుడు ఇంకో దేశంల ఎండ కొడ్తనే ఉంటది బిడ్డా. ఆ ఎండ కరెంటై మనకు రావాలె, మనది వాళ్ళకు పోవాలె. బొగ్గు కాల్చుడు తగ్గుతది."

"ఆ దేశపోడు అలిగి స్విచ్ బంద్ జేస్తే ఎట్ల సార్?" అనేదాన్ని.

"అలుగుతడని చుట్టరికమే వద్దంటవా?" అని నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

మా వరుసకు ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఎదురు వరుసకు ఇంకొకటి. సారుకు మిషన్ పెట్టాక, ఇటు కరెంటు పోయినప్పుడల్లా ఎదురింటి అక్క గల్లీ మీదుగా తీగ వేసేది. ఎండాకాలం ఒక మధ్యాహ్నం అలా వేస్తే, లోడు ఎక్కువై ఆమె ఇంటి ఫ్యూజు కొట్టేసింది. రెండిళ్ళలోనూ కరెంటు పోయింది. ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెట్టేసరికి సారు పెదాలు నల్లబడ్డాయి. నా భయమంతా కోపమైంది.

"చూసిండ్రా సార్? కలిపితే ఇద్దరూ మునిగిండ్రు. ఇగ ఆ తీగ వద్దు."

ఆయన మాస్కు పక్కకు జరిపారు. "ఫ్యూజు పోతే ఫ్యూజు మార్చాలె. పక్కకు సిలిండర్ గూడ ఉంచుకోవాలె. తీగ కొయ్యొద్దు." ఆ రెండు మాటలకే ఆయాసం వచ్చింది. అయినా మాట తగ్గించలేదు.

ఆయన ప్రపంచ తీగకు నేను ఇప్పటికీ ఒప్పుకోను. స్విచ్ ఎవరి చేతిలో ఉంటుందో తేలాలి. సారు లేచి వచ్చి అడిగినా ఇదే చెప్తాను. ఎదురు వాదించడం నేర్పింది ఆయనే కదా. అక్కను అంటే మాత్రం ఊరుకోను.

మంగళవారం శవాన్ని లేపే వేళకు అయినవాళ్ళంతా సారు నోట్లో కడసారి బియ్యం వేస్తున్నారు. అక్క తన గేటు దగ్గరే నిలబడింది. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"నేనొస్తే మాటలంటరు," అంది.

"అననియ్యి. రా."

"అయినోళ్ళు వెయ్యాలె గదమ్మా," అన్నాడు వాకిట్లో ఒక పెద్దమనిషి.

"ఈమెకన్న అయినోళ్ళెవరు?" అన్నాను.

అక్కను సారు తల దగ్గరకు తెచ్చి, పిడికెట్లో బియ్యం పోశాను. అక్క వంగింది. కొన్ని గింజలు సారు గడ్డం మీద రాలాయి. ఆమె ఒక్కో గింజా ఏరి, ఆయన నోట్లో పెట్టింది.