మామ్మ పులవనివ్వని ద్రాక్షరసం

మొన్న ఆదివారం చర్చిలో రొట్టే ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్ల దగ్గర చేతిలో పెట్టిన బుల్లి ప్లాస్టిక్ కప్పు మూత ఒలవగానే ఉడికిన ద్రాక్ష వాసన తగిలింది. అంతే, పాస్టరు అయ్యగారి ప్రార్థన ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. మనసు రాజమండ్రిలో మా పెంకుటింటి వంటగదిలో, మా మామ్మ కొంగు పట్టుకుని నిలబడింది.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. మా చర్చిలో ఆ బల్ల సంస్కారానికి ద్రాక్షరసం చేసే పని మా నాన్నగారి తల్లి మార్తమ్మది. చలి తగ్గుముఖం పట్టి బజారులోకి నల్లద్రాక్ష గంపలు దిగగానే పళ్ళు తెప్పించి, కడిగి, పాత చీర మీద ఆరబెట్టి, చేత్తో నలిపి, పంచదారా లవంగాలూ వేసి, పెద్ద పింగాణీ జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టి వంటింటి చీకటి మూలన పెట్టేది. పులిసేకొద్దీ తీపీ ఘాటూ కలిసిన వాసన ఇల్లంతా తిరిగేది. పచ్చీసు ఆడుతూ మేం పిల్లలం కావాలనే గవ్వలు ఆ మూలకు విసిరి, వెతికే వంకతో జాడీని వాసన చూసేవాళ్ళం. "ముట్టుకున్నారంటే దేవుడికంటే ముందు నేనే చూస్తాను మీ సంగతి" అనేది మామ్మ.

అలాంటి ఇంట్లోనే మా బాబాయి తాగేవాడు. ధవళేశ్వరంలో గుమాస్తా పని, ఇస్త్రీ చొక్కా, చర్చిలో పాట ఎత్తుకుంటే అందరూ తల తిప్పి చూసే గొంతు. దీపాలవేళకు రిక్షాలో ఓ పక్కకు ఒరిగిపోయి వచ్చేవాడు. రిక్షా తొక్కే సూరన్న కూడా తాగే ఉండేవాడు. అదేం చిత్రమో, ఒకే రిక్షాలో తాగినవాళ్ళు ఇద్దరు వస్తే మా వీధికి ఒక్కడే కనిపించేవాడు. "తాగుబోతు వెధవా, సరిగ్గా తొక్కు!" అని సూరన్నను అరుగుల మీంచి తిట్టేవారు. బాబాయిని మాత్రం "గుమ్మం ఉందండి బాబూ, చూసుకోండి, ఎండదెబ్బ తగిలినట్టుంది" అని మెల్లగా దింపేవారు. సారాకొట్టు నుంచి వస్తే తాగుడు, బ్రాందీ షాపు నుంచి వస్తే నలత. మామ్మ కూడా "వాడికి పైత్యం చేసిందే" అంటూ నిమ్మకాయ కోసేది. మా గోదావరి మర్యాద అది. మనిషి మునిగిపోతున్నా "అక్కడ కాస్త లోతేమోనండీ" అంటుంది గాని కేక వెయ్యదు. చర్చిలోనూ అంతే, ఎవరూ ఏమీ అనలేదు. బాబాయే వెనక బెంచీలో కూర్చుని, బల్ల సమయానికి లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఒక క్రిస్మస్ వెళ్ళాక, బెల్లం గవ్వలూ కజ్జికాయలూ ఇంకా డబ్బాల అడుగున ఉండగానే, బాబాయి రక్తం కక్కుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రం మర్యాదకు పోలేదు. "ఇంకొక్క చుక్క లోపలికి పోయిందా, మీ అమ్మే నీ సమాధి మీద పూలు పెట్టుకోవాలి" అంది. బాబాయి మానేశాడు. సాయంత్రాలు గడవక మాతో పచ్చీసుకు కూర్చుంటే, గవ్వలు విసరకముందే వణుకుతున్న వేళ్ళ సందునుంచి జారిపోయేవి. నాకు ఆయన్ని చూస్తే ఏడుపొచ్చేది. సంఘ పెద్దలకు కబురు తెలిసి, ఈస్టరు నాడు బల్లకు రమ్మని ఆయన్ని ఆదరంగా పిలిచారు.

ఆ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పరిచి, మంచుకు తడిసిన తెల్లబట్టలతోనే అందరం చర్చికి వచ్చాం. బాబాయి మామ్మ పక్కన మోకరించాడు. రొట్టె తీసుకున్నాడు. అప్పట్లో అందరికీ ఒకటే వెండి గిన్నె, అందులో మామ్మ జాడీలో రసం. గిన్నె మూతి దగ్గరకు వచ్చేసరికి బాబాయి పెదాలు బిగించి, తల అడ్డంగా ఊపాడు. అయ్యగారు గిన్నెతో ముందుకు కదిలారు.

బయట వేపచెట్టు కింద గుసగుసలు మొదలయ్యాయి. "రక్షకుడి గిన్నే వద్దన్నాడంటే ఇంకా లోపల ఏదో ఉందండీ." "మానలేదేమోనండీ." తాగినన్నాళ్ళూ నోరెత్తని సంఘం, తాగనన్న రోజున మాత్రం మాట్లాడింది.

ఇంటికొచ్చాక మామ్మ అడిగింది. "ఏంట్రా, నా చేతి రసం అంత చేదైందా?"

"చేదైతే భయమెందుకమ్మా? ఆ వాసనకే నోరూరింది. గిన్నె లాక్కుని గటగటా తాగేస్తానేమోనని భయమేసింది."

మామ్మ జాడీ ఎత్తుకెళ్ళి పెరట్లో అరటిచెట్ల మొదట్లో కుమ్మరించింది. సాయంత్రం దాకా అక్కడ తేనెటీగలు ముసిరాయి. ఆ తర్వాత నెల, సంస్కారానికి ముందురోజే పళ్ళు నలిపి, రసం పిండి, పొయ్యి మీద కాచి, చల్లార్చి పట్టుకెళ్ళింది.

ఆరాధన అయ్యాక మెట్ల మీద ఒక పెద్దాయన ఆపాడు. "ఏంటండీ మార్తమ్మగారూ, ఈసారి రసం పులవలేదు?"

"పులవనివ్వలేదండి. మావాడు తాగుబోతండి. పులిసింది ఒక్క చుక్క నోట్లో పడితే మళ్ళీ మొదటికొస్తాడు. మీ అందరికీ తెలిసిందేగా, నేనే ఇన్నాళ్ళూ పైత్యమన్నాను."

మెట్ల మీద ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోయారు. చెప్పులు తొడుక్కుంటున్న బాబాయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అయ్యగారు మాత్రం "ఇకనుంచి అలాగే చెయ్యండమ్మా" అన్నారు. అంతకుముందే, ఆ రోజు ఆరాధనలో బాబాయి గిన్నె తీసుకున్నాడు. పక్కనే మోకరించిన మామ్మ, అయ్యగారు గిన్నె అంచు తుడవబోతే వద్దని, కొడుకు పెదాలు తగిలిన చోటే తన పెదాలు పెట్టి తాగింది.

ఆ తర్వాత బాబాయి జారలేదని చెప్పను. ఒకటి రెండుసార్లు జారాడు. కానీ వీధిలో ఎవరూ ఎండదెబ్బ అనలేదు, "మళ్ళీ ఏంటి బాబూ ఇది?" అని మొహం మీదే అడిగారు. ఆయన తలొంచుకుని మళ్ళీ దారికొచ్చేవాడు. ద్రాక్ష దొరకని నెలల్లో మామ్మ ఎండుద్రాక్ష నానబెట్టి కాచేది.

ఇప్పుడు మా చర్చి ఎదురుగా రోడ్డు మీద లైట్ల బోర్డుతో మందుషాపు ఉంది. వరసలో నిలబడ్డవాళ్ళు ఎవర్నీ చూసి తల దించుకోరు. చర్చి లోపల ఎవరి కప్పు వాళ్ళది, తాగాక ఎవరి చెత్త వాళ్ళదే. పులియని రసమే అందరికీ, ఎందుకని అడిగేవాళ్ళు లేరు. మామ్మా లేదు, బాబాయీ లేడు, ఆ జాడీ ఏమైందో తెలియదు. వెండి గిన్నె మాత్రం చర్చి బీరువాలో ఉందట. దాని అంచును ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు ముట్టుకుని చాలా కాలమైంది.