రేణుకమ్మ నెత్తుట్లో అక్షరం

మా బల్మూరు మండలంలో బుచ్చన్నకు చెయ్యి చాపని మనిషి లేడు. సర్కారు దవాఖానలో అతను ల్యాబ్ టెక్నీషియన్, నేను నర్సును. పద్దెనిమిదేళ్ళు పక్కపక్క గదుల్లో పనిచేశాం. సూది గుచ్చడంలో అతని చెయ్యి ఎంత మెత్తనో, నోరు అంత తొందర. ఎవరేం అడిగినా జవాబు సిద్ధం. తెలిసిన విషయమైతే సరే, తెలియనిదైతే ఇంకా ధైర్యంగా చెబుతాడు. ఈ సంగతి మీద నేను అతనితో పోట్లాడని నెల లేదు.

2006 ఎండాకాలంలో మధుసూదన్ అనే పరిశోధక డాక్టరు హైదరాబాద్ నుంచి వచ్చాడు. రోగాలతో కొట్లాడే శక్తి మన నెత్తుట్లో ఉంటుంది కదా, దానికి మూలమైన జన్యువులు పుట్టుకతోనే అమ్మానాన్నల నుంచి వస్తాయట. అవి ఏయే రూపాల్లో ఉన్నాయో అక్షరాల్లో రాసిపెట్టిన పట్టిక ఒకటి ఇంటర్నెట్‌లో ఉందట. ఎవరైనా ఉచితంగా తెరిచి చూసుకోవచ్చు. అందులో మన పల్లెల మనుషులు లేనట్టే లెక్క అనీ, నలభై మంది నెత్తురిస్తే వాళ్ళూ చేరతారనీ ఆయన చెప్పాడు. ఎవరి పేరూ బయటికి పోదు, నంబరే పోతుంది అని సంతకం పెట్టించే కాగితంలో స్పష్టంగా రాశాడు.

రేణుకమ్మ వాళ్ళ ఊళ్ళో ఆ కాగితం చదివి వినిపించాల్సిన పని బుచ్చన్నది. చదివితే బుచ్చన్న ఎందుకవుతాడు? తన మాటల్లో చెప్పేశాడు. మా దగ్గర ఊరి నడుమ రాయికి చేసే బొడ్రాయి పండుగకు బస్తా వడ్లిచ్చినా, కొబ్బరికాయ ఇచ్చినా ఇచ్చినవాళ్ళ పేరు మైకులో చదువుతారు. అది చదవకపోతే ఇచ్చినట్టే కాదు. అందుకే రేణుకమ్మ మొదట అడిగింది అదే.

"మరి నా పేరుంటదా గండ్ల?"

"ఎందుకుండదవ్వా? దునియా అంత సూస్తది," అన్నాడట మహానుభావుడు. నేను ఆ రోజు టీకాల పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాను. లేకపోతే అక్కడే నోరు మూయించేదాన్ని.

రేణుకమ్మకు అరవై దాటాయి. మూడెకరాల్లో పల్లికాయ, ఆముదం వేస్తుంది. మహిళా సంఘానికి ఆమె మాటే మాట. ఆమె వెంట పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చి చేతులు చాపారు.

ఏడాది పైన గడిచింది. మధుసూదన్ డాక్టరు నుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై మూడో నంబరు నెత్తుట్లో, పట్టికలో ఇంతవరకు లేని జన్యురూపం ఒకటి, ఒక్క అక్షరం తేడాతో, దొరికిందనీ, దాన్ని పట్టికలో చేర్చారనీ రాశాడు. బుచ్చన్న రిజిస్టరు తిప్పి చూస్తే ఇరవై మూడు రేణుకమ్మ. ఉత్తరం సగమే చదివి సైకిలెక్కి ఆమె పొలానికి పోయి చెప్పి వచ్చాడు. మిగతా సగం వచ్చాక చదివాడు.

"సిస్టర్, పేర్లు రాయరంట," అన్నాడు నా గది గడపలో నిలబడి. ఉత్తరం ఇంకా చేతిలోనే ఉంది. "అవ్వేమో రేపు నాగర్‌కర్నూల్ తీస్కపోయి ఇంటర్నెట్‌ల సూపియ్యమన్నది. సంఘంల అందరికి చెప్పేసిందంట."

తిట్టాను, కడుపునిండా తిట్టాను. కానీ నాకూ భయమేసింది. జ్వరాల కాలం మొదలైంది. ఇంటింటికీ తిరిగి మలేరియా పరీక్షకు వేలి నుంచి నెత్తురు చుక్క తీసుకునేది బుచ్చన్నే. అతను అబద్ధమాడాడని రేణుకమ్మ అంటే, ఆ ఊళ్ళో మాకు ఇంకొక వేలు దొరకదు.

మర్నాడు ముగ్గురం బస్సెక్కాం. రేణుకమ్మ పెట్టెలోంచి గద్వాల చీర తీసి కట్టుకొచ్చింది. దారి పొడవునా బుచ్చన్న కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఇంటర్నెట్ సెంటర్లో కరెంటు కోసం గంట కూర్చున్నాం. పేజీ తెరుచుకునేసరికి తెర నిండా జన్యువును రాసే నాలుగే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, తిప్పి తిప్పి మూడు వందల దాకా.

"ఏది నా పేరు?"

బుచ్చన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "లేదవ్వా. ఎవ్వరి పేరు రాయరంట. కాగితంల రాసే ఉంది, నేనే సదవకుంట చెప్పిన. తప్పు నాది."

రేణుకమ్మ అతని వైపు తిరిగింది. ఆమె కోపం నాకు తెలుసు, సంఘం మీటింగుల్లో చూశాను. నేను కల్పించుకుని ఉత్తరంలో చెప్పిన అక్షరం వెతికి వేలు పెట్టి చూపించాను. "అవ్వా, ఈ తాన మిగిలినోళ్ళకు వేరే అక్షరం ఉంటది. నీకు ఇది ఉంది. ఇది నీదే."

"గీ ఒక్క అక్షరానికా ఇంత దూరం తెస్తిరి?" అంది. తరవాత తెరకు దగ్గరగా వంగి, "గిది నాకు ఏడికెళ్ళి వచ్చింది?" అని అడిగింది.

"మీ అమ్మ కాడికెళ్ళి గాని, నాయన కాడికెళ్ళి గాని. రెండిట్ల ఏదో నాకు తెల్వదవ్వా," అన్నాడు బుచ్చన్న.

రేణుకమ్మ కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుంది. ఆ వరుస మొత్తం నాతో చదివించుకుంది. రెండోసారి కూడా చదివించుకుంది. తిరుగు బస్సులో ముందు సీటుకు పోయి ఒక్కతే కూర్చుంది. బుచ్చన్నకు ఆ దూరం తిట్లకంటే ఎక్కువైంది, పాపం.

ఆ వారమే మలేరియా పరీక్షకు ఆ ఊరు పోవాల్సి వచ్చింది. సంఘం ఆడవాళ్ళంతా రేణుకమ్మ అరుగు మీద ఉన్నారు. పేరు చూశావా అని అందరూ ఒక్కసారే అడిగారు. బుచ్చన్న సంచీ పట్టుకుని వాకిట్లోనే ఆగిపోయాడు.

"నా పేరు లేదు," అంది రేణుకమ్మ. "బుచ్చన్న ముందు తెల్వక చెప్పిండు, మల్ల నిలవడి ఒప్పుకుండు. పేరు లేదు గని, మా అమ్మది ఒక అక్షరం ఉంది. కండ్లార సూసిన."

"మీ నాయనది గావొచ్చు గద?" అంది పక్కనున్న రామేశ్వరమ్మ. నేను బుచ్చన్న వైపు చూశాను. నోరు తెరవబోయి మూసుకున్నాడు.

"మా నాయన పేరు పొలం పట్టాల ఉంది. బొడ్రాయి కాడ రాతి మీద ఉంది. మా అమ్మ పేరు ఏడుందే?" అంది రేణుకమ్మ, పరీక్షకు బుచ్చన్న ముందుకు వేలు చాపుతూ. "గిదన్న ఆమెది గానియ్యి."