నేను ఊఁ అంటనే ఉంట

పోయిన నెల ఒక ఉదయం పాలు పొయ్యి మీద పెట్టి నిలబడి ఉన్నాను. ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేటరమ్మ మేనల్లుడు.

"పెద్దమ్మా, అత్త పోయింది. నిద్రల్నే పోయింది," అన్నాడు. అతను ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడే దాకా చెవి దగ్గర పట్టుకునే ఉన్నాను. అవతలి మనిషి పెట్టేయక ముందు మనం పెట్టేయకూడదని నాకు నేర్పింది ఆపరేటరమ్మే. "లైన్ల ఉన్న మనిషిని ఒక్కన్ని విడిచిపెట్టి పోవద్దక్కా," అనేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆమెకు పేరు లేక కాదు. కామారెడ్డిలో మా వీధి వీధంతా అలాగే పిలిచింది కనుక ఇక్కడ నేనూ అలాగే రాస్తున్నాను. ట్రంకు కాల్స్ కాలంలో ఎల్లారెడ్డి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఈ ఊరి తీగను ఆ ఊరి తీగకు కలుపుతూ ఉద్యోగం మొదలుపెట్టింది. కామారెడ్డిలో రిటైరై మా పక్కిల్లు కొనుక్కుంది. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. మా రెండిళ్ళకు నడుమ ఒక్కటే గోడ. సాయంత్రం నీళ్ళు పట్టుకోవడం అయ్యాక గోడకు అటు ఆమె, ఇటు నేను.

నేను లెక్కల టీచరుగా పనిచేశాను. క్లాసులో పిల్లలెవరైనా "ఊఁ" అంటే ఊరుకునేదాన్ని కాదు. "అవును టీచర్" అనో "కాదు టీచర్" అనో నిండు మాట చెప్పాలి. ఇంట్లో మనవలకూ అదే నియమం. ఆపరేటరమ్మ దారి వేరు. నేను కరెంటు బిల్లు సంగతి చెబుతున్నా సరే, ప్రతి వాక్యానికీ గోడ అవతల నుంచి "ఊఁ" వచ్చేది. సోంపు నములుతూ కూడా ఊఁ. ఒకసారి విసుగొచ్చి అడిగాను.

"ఎందుకా ఊఁ? నాకూ చెవుడు లేదు, నీకూ లేదు."

"నువ్వు అనవు గద, అందుకే నీకు ఎవ్వరు ఏం చెప్పరక్కా," అని నవ్వింది. ఆ రోజు నేను ముందే లోపలికి వచ్చేశాను.

ఎల్లారెడ్డి రోడ్డులో మాకు ఒక పాత మేడ ఉంది. రెండు వేల పది ప్రాంతంలో దాని పై అంతస్తులో నాలుగు చిన్న కంపెనీలు కిరాయికి ఉండేవి. ఒకటి విత్తనాలది, ఒకటి బోరుబండ్లది, ఒకటి దుబాయి టికెట్లది, ఇంకొకటి వరికోత మిషన్లది. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే షట్టర్లు దిగేవి, బస్సులు ఆగేవి. మూసిన గదుల్లో ఫోన్లు మాత్రం ఊరికే మోగేవి. నలుగురూ కలిసి వాయిస్ మెయిల్ పెట్టుకుందామనుకున్నారు. నంబరు ఒకటే, మిషన్ ఒకటే, కంపెనీలు నాలుగు. ఎవరూ ఫోన్ ఎత్తకపోతే మిషన్ ఎత్తి, అవతలివాళ్ళు చెప్పింది దాచిపెట్టాలి. ఆ మేడ ఉమ్మడి ఖర్చుల పద్దు నేనే చూసేదాన్ని కాబట్టి, మిషన్ వాడకానికి నియమాలు రాసే పని కూడా నా మీదే పడింది. ఏ అంకె ఎవరిది, ఎవరు ఎప్పుడు వినాలి, ఎప్పుడు తుడిచేయాలి, అన్నీ రాసి గోడకు అంటించాను. జవాబు ఇచ్చిన తర్వాతే తుడవాలన్నది అందులో ఒకటి.

నిజామాబాదు నుంచి వచ్చిన మెకానిక్ మిషన్ బిగించి, దానితో పాటు వచ్చిన ఒక ఆడగొంతును అందులో పెట్టిపోయాడు. "దయచేసి మీ సందేశాన్ని నమోదు చేయగలరు" అనేది ఆ గొంతు. కొన్నాళ్ళు గడిచాయి. వింటే మిషన్ నిండా ఊపిరి చప్పుళ్ళే. "హలో... హలో... ఎవలన్న ఉన్నరా?" అని ఒకరు. "అన్నా, సోయ ఇత్తనాలు..." అని మొదలుపెట్టి ఆగిపోయినవారు ఇంకొకరు. వెనక కోడి కూత, బస్సు హారను, ఆపైన ఏమీ లేదు.

"తీసి పారేద్దాం. మన జనానికి గిసొంటియి పడయ్," అన్నాడు విత్తనాలాయన.

తీసేసే ముందు ఒకసారి వినమని ఆపరేటరమ్మను నేనే పిలిచాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని ఆ సగం సగం మాటలన్నీ వింది. అలవాటు కొద్దీ ప్రతిదానికీ ఊఁ అంటూనే వింది. చివర మా వైపు తిరిగి, "వీళ్ళకు భయం లేదు, గియం లేదు. మంచిగనే మొదలువెడుతున్నరు. అవతల ఊఁ అనేటోళ్ళు లేక ఆగిపోతున్నరు," అంది.

"అయితే మిషన్ తోటి ఊఁ అనిపిస్తవా అవ్వా?" అన్నాడు విత్తనాలాయన ఎకసెక్కంగా.

"మిషన్ ఎందుకు? నేనంట."

మెకానిక్‌ను మళ్ళీ రప్పించి ఆమె గొంతు రికార్డు చేశాం. అది తేలిగ్గా తెమిలిన పని కాదు. ఒకసారి కింద బోరుబండి స్టార్టయింది. ఒకసారి ఆమెకే దగ్గు వచ్చింది. ఒకసారి అంతా బాగా వచ్చాక, తన గొంతు జలుబు చేసినట్టు ఉందని తనే ఒప్పుకోలేదు. చివరికి కుదిరిన మాటలు ఇవి:

"నమస్తే. ఇప్పుడు ఆఫీసుల ఎవ్వరు లేరు. ఇత్తనాలకు ఒకటి, బోరుబండికి రెండు, టికెట్లకు మూడు, కోత మిషనుకు నాలుగు నొక్కుండ్రి. కుయ్యిమన్నంక చెప్పుండ్రి. నేను ఊఁ అంటనే ఉంట, మీకు వినపడదు, గంతే. ఆగకుంట చెప్పుకుంట పోండ్రి."

"గిది కంపెనీ ఫోనా, చాయ్ హోటలా? ఇజ్జత్ పోతది," అని విత్తనాలాయన తల పట్టుకున్నాడు.

"నీకు ఇజ్జత్ కావాల్నా, గిరాకి కావాల్నా?" అన్నాడు టికెట్లాయన. ఆయన్ని అందరం భాయి అనేవాళ్ళం.

గిరాకీ వచ్చింది. జనం చెప్పడం మొదలుపెట్టారు. విత్తనాల సంగతితో పాటు వాన సంగతి, ఎద్దుకు సుస్తీ చేసిన సంగతి కూడా చెప్పారు. అక్కడితో ఆపరేటరమ్మ పని అయిపోయిందని నేననుకున్నాను. ఆమె మాత్రం రోజూ ఆఫీసుకు వచ్చి, చాయ్ గ్లాసు పట్టుకుని, వచ్చిన మాటలన్నీ వినేది. బయటికే ఊఁ అనేది.

"అది రికార్డు. ఎవరి కోసం అంటున్నావు?" అని అడిగాను.

"అంటనని చెప్పిన గదక్కా. అనకపోతే అబద్ధమైతది."

ఆమెకు తన గొంతంటే మురిపెం. ఇంటి నుంచి ఆ నంబరుకు ఫోన్ చేసి తన గొంతు తనే వినేదని నాకు తెలుసు, గోడ అవతలి మాట ఇవతలికి వస్తుంది కదా. ఒక రోజు తప్పు మీట నొక్కి విత్తనాల కంపెనీకి వచ్చిన మాటలన్నీ తుడిచేసింది. విత్తనాలాయన లబోదిబోమన్నాడు. ఆమె చలించలేదు. "మల్ల చేస్తరు తియ్యి. నా గొంతు ఇనాలనన్న చేస్తరు," అంది.

ఆ మిషన్‌లోకే గాంధారి దగ్గరి ఒక తండా నుంచి ఒకామె మాట రావడం మొదలైంది. భర్త భాయి దగ్గర టికెట్ తీసుకుని దుబాయి పోయాడు. కొన్నాళ్ళు ఫోన్లు చేశాడు, తర్వాత ఆగిపోయాయి. ఆమె సంత రోజున గాంధారిలో ఆటో దిగగానే, మా ఆఫీసులు తెరవక ముందే, కిరాణా కొట్టు ముందున్న రూపాయి ఫోన్ నుంచి చేసి మూడు నొక్కేది.

"అవ్వా, ఊఁ అంటున్నవా? మా ఆయన ఫోన్ వస్తలేదు. బతికున్నడా లేడా, గదొక్కటి చెప్పుమను భాయికి. బిడ్డ రోజు అడుగుతున్నది, నేనేం చెప్పాలె..."

రూపాయి అయిపోయి మాట మధ్యలో తెగిపోయేది. ఆపరేటరమ్మ ఊఁ కూడా మధ్యలో ఆగిపోయేది.

మరుసటి సంతకు మళ్ళీ అదే మాట. ఆ మరుసటి సంతకూ. ఇటు విత్తనాల కాలం, మిషన్‌లో జాగ చాలలేదు. "టీచరమ్మా, ఆమె మాటలు తుడిచేద్దాం. మా రైతుల మాటలు పడతలేవు," అన్నాడు విత్తనాలాయన.

"జవాబు ఇచ్చారా?" అన్నాను.

"ఏం జవాబుంది ఇయ్యనీకి?"

"ఇవ్వనిది తుడవకూడదు. రాసి ఉంది, చదువుకోండి. రాసింది నేనే."

ఆయన నియమాల కాగితం వైపు చూసి వెళ్ళిపోయాడు. ఆపరేటరమ్మ నా వైపు చూసింది. ఆ ఒక్కసారి ఊఁ అనలేదు. సోంపు డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది.

భాయి చెడ్డవాడు కాదు. తల వంచుకుని కూర్చున్నాడు. "ఏం చెప్పాలమ్మా? ఆ కంపెనీకి చేసిన, ఎవ్వరు ఎత్తుతలేరు. అక్కడున్న మనోళ్ళను అడిగిన. ఖబర్ లేదు. ఏం ముఖం పెట్టుకొని మాట్లాడాలె ఆమె తోటి?"

"ఖబర్ లేదనే చెప్పు బిడ్డా," అంది ఆపరేటరమ్మ. "వెతుకుతున్ననని చెప్పు. లైన్ల నిలవెట్టి నువ్వు మాయమైతే, ఆమె నీ మౌనానికి ఎన్ని అర్థాలు తీసుకుంటదో ఎరుకేనా?"

తర్వాతి సంత నాడు భాయి పొద్దున్నే వచ్చి మిషన్ కన్నా ముందు తనే ఫోన్ ఎత్తాడు. "చెల్లె, నాకు ఇంక ఏం తెల్వలేదు. గని వెతుకుతున్న, విడిచిపెట్టలే," అన్నాడు. అవతల ఆమె ఏడ్చిందట. చివరకు, "సరే అన్నా, వెతుకుతున్నవు గద," అందట. ఆ రోజు నుంచి భాయి తాను పంపిన ప్రతి మనిషికీ ఫోన్ చేసి, ఆమె భర్త ఎక్కడ కనిపించినా మా నంబరు ఇమ్మని చెప్పడం మొదలుపెట్టాడు. "ఎవ్వరు లేకున్నా మా అవ్వ ఎత్తుతది," అని చెప్పేవాడు.

ఒక శుక్రవారం కామారెడ్డి బంద్. శుక్రవారం దుబాయిలో పని చేసేవాళ్ళకు సెలవు. మర్నాడు ఆపరేటరమ్మ మిషన్ ముందు కూర్చుని మూడో కంపెనీ మాటలు పెట్టింది. నేను పక్క గదిలో పద్దు చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి "అక్కా! భాయీ!" అని కేక వేసింది. పరుగెత్తాం.

మగగొంతు. ఒక్కో మాటా ఆగి ఆగి వస్తోంది. "అవ్వా... నువ్వు ఊఁ అంటున్నవట గద. అయితే చెప్తున్న. నేను బతికున్న. పాత కంపెనీ మూతవడ్డది. ఫోన్ పోయింది, నంబర్లన్ని అండ్లనే పోయినయ్. ఇప్పుడు ఊరికి దూరంగ తోట పని చేస్తున్న. ఈ నంబర్ మనోడు ఒకడు ఇచ్చిండు. మా ఆమెకు చెప్పు. కాలుకు దెబ్బ తాకింది గని మానింది. పైసలు పంపలేదని కోపం చెయ్యొద్దను. బిడ్డను బడి మాన్పియ్యొద్దను..."

భాయి గోడకు ఆనుకుని ముఖం కప్పుకున్నాడు. వెంటనే గాంధారి ఆటోవాళ్ళతో తండాకు కబురు పంపాడు. సంత దాకా ఆగకుండా, మర్నాడే ఆమె రూపాయి ఫోన్ దగ్గరికి వచ్చింది. ఈసారి మాట మధ్యలో తెగకూడదని భాయి తన సెల్ నుంచి ఆ ఫోన్‌కు తనే చేశాడు. సెల్లును మిషన్ దగ్గరగా పట్టుకున్నాడు. ఆపరేటరమ్మ మీట నొక్కింది.

భర్త గొంతు మొదలైంది. "నేను బతికున్న" అన్నాడు. సెల్లులోంచి సన్నగా "ఊఁ" అని వినబడింది. "పాత కంపెనీ మూతవడ్డది." "ఊఁ." "కాలుకు దెబ్బ తాకింది గని మానింది." ఇక్కడ కొంచెం ఆలస్యంగా, "ఊఁ." అతను ఎప్పుడో చెప్పి వదిలిన మాటలకు ఆమె ఒక్కటీ విడవకుండా ఊఁ కొట్టింది. నా ఎదురుగా ఆపరేటరమ్మ పెదవులు గట్టిగా మూసుకుని కూర్చుంది. అది తన వంతు కాదని ఆమెకు తెలుసు.

మిషన్ ఆగింది. కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత, "అవ్వా, ఇంకోపారి పెట్టవా?"

మళ్ళీ పెట్టింది. మళ్ళీ. భాయి చెయ్యి నొప్పి పుట్టి రెండో చేతికి మార్చుకున్నాడు గాని ఫోన్ తను పెట్టేయలేదు. ఆమె పెట్టేసే దాకా ఆగాడు.

కొంతకాలానికి అతను తిరిగి వచ్చాడు. భార్యాబిడ్డలతో కామారెడ్డి వచ్చి ఆపరేటరమ్మకు ఒక మెత్తటి దుప్పటి ఇచ్చాడు. ఎండాకాలంలో కూడా ఆమె దాన్ని కుర్చీ మీద వేసుకుని కూర్చునేది, ఎవరైనా అడగాలని.

తర్వాత అందరి చేతుల్లోకీ సెల్లులు వచ్చాయి. మిషన్ అవసరం తీరిపోయింది. తీసేసే రోజు మెకానిక్ ఆమె గొంతును జ్ఞాపకంగా దాచి ఇస్తానన్నాడు. అంత మురిపెం ఉన్న మనిషి ఒప్పుకోలేదు. "వినేటోళ్ళు లేకుంట ఊఁ అంటున్న అని నా గొంతు చెప్పొద్దు నాయనా. తుడిచెయ్యి," అంది. తుడిచేదాకా పక్కనే నిలబడింది.

ఆరోగ్యం తగ్గాక మేనల్లుడు ఎల్లారెడ్డి తీసుకుపోయాడు. నేను చూడబోయినప్పుడు మంచం మీద ఉంది. మాట్లాడే ఓపిక లేదు. మా వీధి సంగతులు, నీళ్ళ సంగతి, కిరాయిల సంగతి చెప్పాను. కళ్ళు మూసుకుని అన్నిటికీ ఊఁ అంది. ఆమె నాతో ఆడిన చివరి మాట అదే. ఆ మాటను నేనొకప్పుడు నిండు మాట కాదనేదాన్ని.

దినాల నాడు ఎల్లారెడ్డి వెళ్ళాను. వంటల దగ్గర భాయి వడ్డనకు నిలబడి ఉన్నాడు. లోపలి గదిలో ఆమె పటం, ముందు దీపం, ఎవరో గుర్తుపెట్టుకుని పెట్టిన సోంపు డబ్బా. జనం భోజనాలకు లేచాక తండా ఆమె ఒక్కతే వచ్చి పటం ముందు కూర్చుంది. గోడ వారగా ఉన్న నన్ను చూసినట్టు లేదు.

"అవ్వా, బిడ్డ పది పాసైంది," అంది.

ఆగింది.

"ఇంటర్ల చేర్పిచ్చినం."

మళ్ళీ ఆగింది. పటం వైపు చూస్తూనే ఉంది. పెదవులు కదిలాయి గాని తర్వాతి మాట రాలేదు. అలా ఆగిపోవడం నేను ఆ మిషన్‌లో ఎన్నోసార్లు విన్నాను. అవతల ఏం కావాలో నాకు తెలుసు.

"ఊఁ," అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, పటం వైపే చూస్తూ, ఆగకుండా చెప్పుకుంటూ పోయింది.