తేనె బీరు పక్కన ఇడ్లీ పిండి

2022 చలికాలంలో, కెనడాలోని విండ్సర్‌లో కాలేజీ సీటు దొరికినంత సులువుగా గది దొరకలేదు. ఖమ్మం నుంచి వచ్చిన ధరణి మొదటి నెలంతా ఒక ఇంటి హాల్లో, మరో ముగ్గురమ్మాయిల మధ్య పరుపు వేసుకుని పడుకుంది. అందుకే విశ్వేశ్వరరావుగారి బేస్‌మెంట్‌లో తలుపున్న గది దొరికినప్పుడు, పక్కనే, ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్ ఉన్న గదిలో ఇంకేముందని అడగలేదు.

అక్కడ మూత బిగించిన తెల్ల ప్లాస్టిక్ బకెట్ ఉంది. మూతలోంచి గాలి పోవడానికి చిన్న గొట్టం. రావుగారు అందులో తేనె బీరు తయారు చేస్తున్నారు. భార్య సరోజనగారు శనివారం గుడికి వెళ్ళిన సమయం చూసి గ్యారేజీలో బార్లీ మాల్టు ఉడికించి, చల్లార్చి, ఈస్టు కలిపి కిందికి దించేశారు. నాలుగో రోజు వచ్చి తేనె పోశారు.

"ముందే పోస్తే తేనె వాసన పోతుందమ్మా. నువ్వు హీటర్ ఇరవై మీదే ఉంచు. కిటికీ తీయకు. ఆంటీకి చెప్పకు."

"ఆంటీ అడిగితే, అంకుల్?"

"మోకాళ్ళ నొప్పులు. కిందికి దిగదులే."

దిగలేదు గానీ, ముక్కుకి మోకాళ్ళతో పనేముంది? తేనె పోసిన రెండో రోజే మెట్ల పైనుంచి కేక వినపడింది.

"ధరణీ! ఏంటే ఆ పులిసిన కంపు? తాగుతున్నావా? నా ఇంట్లో తాగితే ఆ రోజే ఖాళీ చెయ్యాలి, ముందే చెప్పా!"

ధరణి మెట్ల కింద నిలబడిపోయింది. నిజం చెబితే అంకుల్ పంపించేస్తారు, చెప్పకపోతే ఆంటీ పంపించేస్తారు. సెమిస్టర్ ఏప్రిల్ దాకా ఉంది. హాల్లో పరుపు చోటు కూడా ఎవరో తీసేసుకున్నారు.

"ఇడ్లీ పిండి ఆంటీ! పులవడానికి పెట్టిన."



"ఈ చలిలో పులిసిందా? నాది మూడ్రోజులైనా రాయిలా ఉంటోంది. ఎల్లుండి నాలుగు ఇడ్లీలు తీసుకురా, చూస్తా."

ధరణి ఆ రోజు పార్ట్‌టైమ్ పని షిఫ్ట్ మానేసి, బస్సెక్కి మినప్పప్పు, రవ్వ కొనుక్కొచ్చింది. క్లాస్‌మేట్ రిషిత దగ్గర మిక్సీ, ఇడ్లీ పాత్ర అడిగి తెచ్చుకుంది. ఇంట్లో వెచ్చటి చోటు ఒక్కటే ఉంది. రుబ్బిన పిండి గిన్నెను బకెట్ పక్కనే పెట్టింది.

ఇడ్లీలు దూదిలా వచ్చాయి. సరోజనగారు రెండు తిని, మూడోది విరిచి చూసి, "నీ చేతిలో ఏదో ఉందే" అన్నారు. మర్నాడు పెద్ద గిన్నెలో పప్పు కొలిచి మెట్ల మీద పెట్టారు.

"ఇక మా పిండీ నువ్వే పెట్టు. ఆదివారం గుడి వాళ్ళు ఇరవై మంది టిఫినుకొస్తున్నారు."

రావుగారైతే సంబరపడిపోయారు. "భలే ఉపాయం చేశావమ్మా! ఇక వాసన గొడవే లేదు." మొదటి బకెట్ సీసాల్లోకి ఎక్కగానే ఇంకో రెండు బకెట్లు దించారు.

మిక్సీ ఎప్పుడు తిరిగిస్తావని రిషిత ఫోన్ చేసింది.

"ఇప్పుడప్పుడే ఇవ్వలేనే."

"గది మాత్రం పోలేదు కదా? ఏప్రిల్ దాకా ఉండనిస్తారా?"

"ఏప్రిల్ తర్వాత కూడా పోనియ్యరు," అని ఫోన్ పెట్టేసి, ధరణి ఇరవై మందికి పప్పు కడగడానికి లేచింది.