మా ఆయన ఎత్తిన చెయ్యి

మా ఆయన ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో అందరూ ‘గోడ’ అనేవాళ్లు. డిఫెండర్ మరి. ఆయన్ని దాటుకుని బంతి పోవడం అంత తేలిక కాదు. మోకాలు పాడయ్యాక అదే క్లబ్బులో అసిస్టెంట్ కోచ్ అయ్యాడు. పేరుకి కోచ్, చేసేది మోత పని. బంతుల సంచి మొయ్యాలి, కోన్లు పెట్టాలి, బురద జెర్సీలు ఇంటికి తేవాలి. ఉతికేది ఎవరనుకున్నారు? నేనే. అయినా ఎప్పటికైనా పెద్ద కోచ్ కుర్చీ తనదేనని ఈయనగారి ఆశ.

డిఫెండర్లకో పాడు అలవాటుంది. అవతలివాడు ఆఫ్‌సైడ్‌లో, అంటే బంతి రాకముందే మన డిఫెండర్లని దాటేసి ఉన్నాడనిపిస్తే చాలు, రిఫరీ కంటే ముందే చెయ్యెత్తి అరుస్తారు. మా ఆయన నిద్రలో కూడా ఎత్తుతాడు. ఓసారి ఆ చెయ్యి నా ముక్కు మీదే పడింది.

సెమీఫైనల్ రోజు నేను గ్యాలరీలో ఉన్నాను. ఆట అయిపోవస్తోంది. మన గోల్ పక్కన నీళ్ల సీసాలు సర్దుతున్న మా ఆయన చటుక్కున చెయ్యెత్తి, ‘ఆఫ్‌సైడ్’ అని కేకేశాడు. ఆ కేకకి మన కీపర్ ఆగిపోయాడు. రిఫరీ విజిల్ ఊదితేగా! అవతలివాడు తాపీగా బంతిని లోపలికి నెట్టేశాడు. ఓడిపోయాం. ఆ గోలలో కేక సంగతి పెద్ద కోచ్‌కి తెలీలేదు.

రాత్రి కంచం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా చెప్పాడు. పెద్ద కోచ్ కీపర్ని అందరి ముందూ కడిగిపారేశాడట. వచ్చే సీజన్‌కి రావద్దన్నాడట. ఆ కీపర్‌కి టైర్ల షాపులో పని. వయసు మీద పడుతోంది, ఇక వేరే క్లబ్బు ఏదీ తీసుకోదు.

“మరి మీరేం చేశారు?”

“బూట్లు సర్దుతున్నా.”

నాకు ఒళ్లు మండిపోయింది. “చెయ్యి లేచింది గానీ నోరు లేవలేదా?”

“చెప్తే నా పని పోతుందని భయమేసింది. కీపర్ అది గీత పక్కనుండే లైన్ రిఫరీ కేక అనుకుని ఉంటాడులే.” కంచం పక్కకి నెట్టి, “సిగ్గుతో చచ్చిపోతున్నానే” అన్నాడు.

పొద్దున్నే పెద్ద కోచ్ దగ్గరికి తరిమాను. అంతా విని ఆయన నవ్వాడట. “కొత్త కీపర్‌తో మాట్లాడేశాను. ఇంకెక్కడా అనకు, నీ పని నువ్వు చూసుకో” అన్నాడట. పని పోలేదు. పోయినా బాగుండేదని మా ఆయన మొహం చూస్తే అనిపించింది.

ఆయన ఇంటికి రాగానే ఇద్దరం టైర్ల షాపుకి వెళ్లాం. కీపర్ చక్రానికి బోల్టులు బిగిస్తున్నాడు. మా ఆయన తడబడుతూ, “నిన్న అరిచింది నేనే. నువ్వు లైన్ రిఫరీ అనుకుని ఆగావు” అన్నాడు.

అతను పాన పక్కన పెట్టి లేచాడు. కోపం కూడా లేదు మొహంలో.

“నీ గొంతు నాకు తెలీదా అన్నా? నువ్వన్నావనే ఆగాను. నువ్వే చెప్తావని అక్కడ నేను నోరు విప్పలేదు.”