యాదమ్మ పెట్టిన టీ

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను. ఏళ్ల తరబడి ఈ బరువు గుండెల మీద మోస్తున్నాను. ఒక పెద్దావిడను నేను ఇంటికి వెళ్లనివ్వలేదు.

అప్పట్లో కాప్రాలో ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేదాన్ని. తుంటి విరిగి వచ్చినవాళ్లను మళ్లీ నడిపించి, సొంత ఇంట్లో బతకగలిగేలా తయారుచేసి పంపడం నా ఉద్యోగం. యాదమ్మ అలాగే వచ్చింది. చిలకలగూడలో ఆమెకు రెండు గదుల ఇల్లు. ఆ ఇంటి గురించి ఎంత చెప్పేదో! అక్కడికి వినపడే రైలు కూతల గురించి, తన మంచం గురించి, గడప మీద కూర్చుని ఎదురింటామెతో పెట్టుకునే ముచ్చట్ల గురించి. నడక అయ్యాక నన్ను కూర్చోబెట్టి తల దువ్వేది. అమ్మ పోయాక నా తల మీద చెయ్యి వేసినవాళ్లు లేరు.

ఇంటికి పంపేముందు వంటగదిలో ఒంటరిగా టీ పెట్టించి చూస్తాం. యాదమ్మ పెట్టింది. గిన్నె దించాక స్టవ్ జోలికి పోలేదు. మెల్లగా వంగి, కింద సిలిండర్ దగ్గరే గ్యాస్ కట్టేసింది. మంట ఆరేదాకా నిలబడి చూసి, అప్పుడు స్టవ్ కూడా తిప్పి కట్టేసింది. మా అమ్మా అలాగే చేసేది. అంతకంటే జాగ్రత్త ఏముంటుంది?

బయట ఆమె తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఆయన సరేనంటేనే పంపుతారు.

"ఎట్ల చేసింది మేడమ్? ఇంట్ల అక్క ఒక్కతే ఉండాలె. నాకు గదే పరేషాన్."

"టీ దించగానే స్టవ్ కట్టలేదండీ."

"అయ్యో! గట్లయితే వద్దు మేడమ్. ఈడనే ఉండనియ్యిండ్రి."

అబద్ధం ఆడానా? ఆడలేదనే చాన్నాళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరి మిగతా సగం ఎందుకు మింగాను? ఆమె వెళ్లిపోతే మళ్లీ ఒంటరిదాన్నవుతానని. తన ఇంటి కోసం ఆమె ఎంత తపించిందో ఆమె కోసం నేనూ అంతే తపించాను, ఆ బాధ ఎలా ఉంటుందో బాగా తెలిసే ఆమెను ఆపాను.

యాదమ్మ మళ్లీ ఆ ఇల్లు చూడలేదు. మా దగ్గరే పోయింది. చివరిదాకా, చూడ్డానికి ఎవరొచ్చినా నన్ను చూపించి, "నన్ను ఇంటికి తోలాలని ఈ బిడ్డ మస్తు తిప్పలు పడ్డది" అనేది. పక్కనే నిలబడి నవ్వేదాన్ని. సిగ్గులేకుండా.

కాదు యాదమ్మా. నిన్ను పోనివ్వనిది నేనే. క్షమించమని అడగడానికి నువ్వు లేవు, ఉన్నా అడగగలిగేదాన్నో లేదో. ఈ ఒక్క మాట చెప్పేశాను. కాస్త ఊపిరాడుతోంది.